ఇనుము - కొయ్య

వజ్రకరూరు పేరు చెప్పగానే లోకులకు వజ్రం జ్ఞాపకం వస్తుంది. తొలకరి వాన పడిందంటే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి ఆ పొలాలలో వంగి నేలను వెదకుతారు. మాకు మాత్రం ఆ పేరు వినగానే ఆ ఊరివాడైన ఒక వృద్ధ వడ్రంగి చేతులు కళ్ళకు కడతాయి. తుపాకి గొట్టాన్ని కొయ్యలో కుదిర్చే విద్య ఆ చేతులకు తెలుసు. తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు తుపాకితో ఏమి పని అని మా విద్యార్థులు నవ్వవచ్చును. ఓర్పు అనే మాటకు నిఘంటువులో లేని అర్థం మాకు అక్కడ దొరికింది. అందుకే ఈ నాలుగు మాటలు.

తుపాకి అన్న పదమే తురుష్క భాష నుండి వచ్చి తెలుగైనది. బందూకు అన్నది అరబ్బీ నుండి ఉర్దూకు వచ్చింది. గొట్టాన్ని ఉర్దూలో నాల్ అనీ, దానిని మోసే కొయ్యను కుందా అనీ అంటారు. అనంతపురం సీమకు ఈ ఆయుధం కొత్త కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసేనాటికి పాళెగాళ్ళ బంట్ల చేతులలో వత్తితో పేలే తోడా తుపాకులు ఉండేవి. ఆ తుపాకుల గొట్టాన్ని కొయ్యకు లోహపు పట్టీలతోనో తోలుతోనో బిగించేవారు. 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్ళ బలాన్ని అణచివేశాడు. 1878 చట్టంతో ఆయుధానికి లైసెన్సు వచ్చింది. నేడు అమలులో ఉన్న 1959 చట్టం పంట కాపలా కోసం మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వనిస్తుంది. దానిని బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలంటుంది. మా వడ్రంగి పనిచేసింది అటువంటి లైసెన్సు గల ఒక మరమ్మతు దుకాణంలోనే.

మేము చూచిన తుపాకి ఒక రైతుది. బుడ్డల చేలో అడవిపందులు పడకుండా రాత్రులు మేలుకొనే మనిషి. పాత కొయ్య మణికట్టు వంటి సన్నని చోట విరిగిపోయింది. అక్కడ కొయ్య నార నిలువుగా సాగక అడ్డంగా పోవడమే కారణం. గొట్టం మాత్రం చెక్కుచెదరలేదు. అది మొదట ఎనిమిది పలకలుగా ఉండి, కొంత దూరం పోయాక గుండ్రనై, మూతి వైపు క్రమంగా సన్నబడింది. అందుచేత ఒకే వెడల్పు గాడి దానికి పనికిరాదు. మొదలుకు తగినట్టు తొలిస్తే మూతి దగ్గర వదులవుతుంది. మూతికి తగినట్టు తొలిస్తే మొదలు దిగదు. లోతు కూడా గొట్టంలో సగమే ఉండాలి. సగం దాటితే కొయ్య అంచులు పైనుండి గొట్టాన్ని కరచుకొంటాయి.

ఆయన ఇరుగుడు కొయ్య మీద నడిమి గీత గీసి, గొట్టం ఆకారాన్ని దాని మీద దించుకొని, గీతకు లోపలనే ఉలి వేశాడు. తరువాత దీపపు మసిని ఆముదంలో కలిపి గొట్టానికి పలుచగా పూశాడు. గొట్టాన్ని నిలువుగా దించి, నిలువుగానే పైకి తీశాడు. గాడిలో ఎత్తుగా ఉన్న చోట్ల నల్లని మచ్చలు పడ్డాయి. ఆ మచ్చలను మాత్రమే గీకి, మళ్ళీ మసి పూసి, మళ్ళీ దించాడు. ఈ విధంగా ఎన్నిసార్లో! మొదట రెండు మూడు మచ్చలు. సాయంకాలానికి గాడి పొడవునా సన్నని నలుపు పరచుకొన్నది. గట్టిగా ఒత్తితే పోదా అని మేమడిగాము.

"ఒత్తితే దిగుతాది సారూ, కానీ నిలబడదు. కొయ్య యాడ వద్దంటాదో మసి చెప్తాది, ఆడనే గీకల్ల" అన్నాడు.

ఈ జాగ్రత్త అందం కోసం కాదు. మందు పేలినప్పుడు గొట్టం వెనుకకు తన్నుతుంది. ఆ తన్ను గొట్టపు వెనుక ముఖం నిండుగా ఆనిన కొయ్య మీద పడాలి. అలా ఆనకపోతే బరువంతా మొదలు నుండి వెనుకకు సాగిన ఇనుప తోక మీద, దాని మర మీద పడుతుంది. అప్పుడు తోక గసికవలె కొయ్యను చీలుస్తుంది. అందుకే తోక చివర కాగితమంత సందు వదలిపెట్టాడు. ఆ కొయ్యకు ఆనేది ఒక రైతు చెంప, ఒక రైతు భుజం.

కొయ్యను ఆయన రెండేండ్లు నీడన ఆరబెట్టాడట. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే జిల్లా ఇది. తేమగల కోస్తా గాలిలో ఆరిన కొయ్య ఈ పొడిగాలికి ఇంకా ముడుచుకొంటుంది. నిన్న కుదిరిన గాడి రేపు కుదరదు. కరవు కూడా ఈ పనిలో లెక్కకు వచ్చే కొలతే.

ఇప్పుడు ఆ విద్య నేర్చుకొనేవారు లేరు. కుమారుడు బెంగళూరులో ప్లైవుడ్ పని చేస్తున్నాడు. అక్కడ కూలి ఎక్కువ, పని ఎడతెగదు. అతనిని తప్పు పట్టలేము. తుపాకుల అవసరం తగ్గితే మేమూ సంతోషిస్తాము. అయితే తుపాకితో పాటు పోయేది తుపాకి ఒక్కటే కాదు. వంకర గల వస్తువును వంకర గలదిగానే అంగీకరించి, దానికి తగిన చోటు మచ్చ మచ్చగా ఏర్పరచే చేయి కూడా పోతుంది. ఆ చేయి ఎడ్లబండికీ, నాగలికీ, తలుపుకూ పనికివచ్చినదే.

విద్యార్థులారా! మీలో అనేకుల ఇండ్లలో దూది ఏకిన చేతులు, కొలిమి ఊదిన చేతులు, మగ్గం నేసిన చేతులు ఇంకా ఉన్నాయి. పట్టా చేతికి వచ్చిన తరువాత వారిని ఏమీ చదువని వారని తలచకండి. ఈ సెలవులలో ఒక దినం వారి చెంత కూర్చుని, పని ఎట్లా చేస్తారో అడిగి, వారి మాటలలోనే వ్రాసుకొని రండి. అటువంటి వ్రాతలకు వచ్చే సంచికలో ముందుగా చోటివ్వవలసినదిగా కళాశాల సంఘం వారిని మేము ఇప్పుడే కోరుతున్నాము.