పాండూరు కొట్టంలో ముసురు నెలలు

పెరంబూరు స్టేషన్లో అరక్కోణం లోకల్ ఎక్కి తిరువళ్ళూరులో దిగాలి. అక్కడ తిరుత్తణి బస్సు పట్టుకుంటే పాండూరు. కండక్టరు తమిళంలో టికెట్టు అడుగుతాడు, వెనక సీట్లో ఆడవాళ్ళు తెలుగులో కోడళ్ళ సంగతులు మాట్లాడుకుంటా ఉంటారు. ఈ దారంతా అంతే. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. పటాస్కర్ తీర్పు తర్వాత మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఆఫీసు కాగితాలు తమిళమయ్యాయి గానీ, గొడ్లని అదిలించే మాట తెలుగే.

రోడ్డు పక్కన ఇప్పుడు మెడికల్ కాలేజీ వచ్చింది, కొత్త ప్లాట్లకి రాళ్ళు పాతారు. లోపలికి రెండు వీధులు నడిస్తే మాత్రం ఇంకా పేడ వాసనే. అక్కడే మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు, ఇంటి వెనక కొట్టం. మూడు జెర్సీ క్రాస్ ఆవులు, ఒక ఎనుము, ఏడు మేకలు. కోళ్ళ లెక్క పెద్దమ్మకే తెలియాలి.

చలికాలం అంటే భీవండి, షోలాపూరు వైపు ఉన్న మనవాళ్ళకి స్వెట్టరు గుర్తొస్తుంది. మాకు గొడుగు గుర్తొస్తుంది. ఐప్పసి, కార్తిగై, మార్గళి (మావాళ్ళు తమిళ నెలలే చెప్తారు), ఈ మూడు నెలలూ తూర్పు వాన. ఏడాదికి పడే వానలో సగం దాకా అప్పుడే పడుతుంది. చలి పెద్దగా ఉండదు, మార్గళి రాత్రుల్లో ఇరవై డిగ్రీల దాకా దిగుతుంది, అంతే. కానీ గొడ్డుకి ఆ మూడు నెలలు గడిస్తేనే ఏడాది గడిచినట్టు.

ఎందుకంటే చంపేది చలి కాదు, తడి. మంచు పడే దేశాల్లో ఆవులు ఆరుబయట నిలబడి ఉంటాయి. వాటికి దట్టమైన బొచ్చు ఉంటుంది, అది పొడిగా ఉన్నంతసేపు చలి ఒంటికి తగలదు. తడిసిందంటే ఆ బొచ్చు ఉన్నా లేనట్టే. మన గొడ్లకి ఆ పాటి బొచ్చు కూడా లేదు. వాటికి ఉన్నదల్లా కడుపు. ఎండుగడ్డి కడుపులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది, రాత్రంతా ఆ వేడే ఒంటిని కాస్తుంది. అందుకే పెద్దమ్మ సాయంత్రం మేతకి ఎండుగడ్డే వేస్తుంది. పచ్చి కసువు పగలు, అదీ కోసి వాడబెట్టిన తర్వాతే. వానకి లేచిన లేతకసువు ఆశపడి మేస్తే కడుపు ఉబ్బుతుంది, లేదా పారుకుంటుంది. పాలల్లో వెన్న కూడా తగ్గుతుంది. సొసైటీలో పాలు పరీక్ష చేసి రేటు కట్టేటప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

అంత ముఖ్యమైన గడ్డే ఆ నెలల్లో ఉండదు. సంబా కోత సంక్రాంతి దగ్గర మొదలవుతుంది, కొత్త గడ్డి అప్పుడే. కార్తిగై వచ్చేసరికి పాత వామి మోకాటి ఎత్తుకి దిగిపోయి ఉంటుంది. అడుగు గడ్డికి బూజు పడితే అది వెయ్యకూడదు, పారెయ్యడానికి మనసొప్పదు. ఇప్పుడు మిషన్ కోతలు, గడ్డి నలిగి బురదలో కలుస్తుంది, చుట్టలు చుట్టి అమ్మేది కొనుక్కోవాలి. తిరువాలంగాడులో సహకార చక్కెర మిల్లు ఉండడంతో చుట్టుపక్కల చెరుకు వేస్తారు. చెరుకు కొట్టుడు మొదలైతే ఆకు దొరుకుతుంది. ఆ ఆకు మోపు కోసం పెద్దమ్మ తెల్లారక ముందే వెళ్ళి నిలబడుతుంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి.

కొట్టం నేల వెనక్కి వాలుగా ఉంటుంది, చివర కాలవ. రైసు మిల్లు నుంచి ఊక తెచ్చి పరుస్తారు. పొద్దున్నే తడిసిన ఊకని పారతో ఎత్తి పెంటదిబ్బలో వేసి, కాస్త సున్నం చల్లి, మళ్ళీ ఊక. ఈ పని ఒక్కరోజు మానితే గిట్టల సందుల్లో పుండ్లు లేస్తాయి. మేకలకి ఇది చాలదు, వాటికి నేలే పనికిరాదు. సందులు వదిలి చెక్కలు కొట్టిన మంచె ఒకటి కట్టించారు, పెంట కింద పడిపోతుంది, పిల్లలు పైన పొడిగా పడుకుంటాయి. అంతకుముందు ముసురు పట్టిన ప్రతిసారీ ఒకటో రెండో మేకపిల్లలు దగ్గి దగ్గి పోయేవి. ఈ వైపు ఎర్ర గొర్రెలున్నాయి, పుస్తకాల్లో మద్రాస్ రెడ్ అంటారు, ఇక్కడి ఎండకీ వానకీ అలవాటుపడిన జాతి. అవి కూడా వానల్లో నీలినాలుక జబ్బుకి తట్టుకోలేవు. కంటికి ఆనని చిన్న దోమలు దాన్ని మోస్తాయి. సాయంత్రం వేపాకు పొగ వేసేది అందుకే. పొగ ఒక్కటే చాలదు, టీకా వాన రాకముందే వేయించాలి.

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను వాన మీకందరికీ గుర్తుండే ఉంటుంది. పెరంబూరులో మా ఇంట్లోకే మోకాటి లోతు నీళ్ళొచ్చాయి. పాండూరు కొట్టంలోకి రాత్రి నీళ్ళొచ్చాయంట. పెద్దమ్మ మొదట చేసిన పని పలుపులు విప్పెయ్యడం. కట్టేసిన గొడ్డు ఈదలేదు, విప్పితే దాని దారి అది చూసుకుంటుంది. అన్నింటినీ రోడ్డు గట్టు మీదికి తోలారు. టార్పాలిన్ కింద మేకలు పట్టాయి, ఆవులు రాత్రంతా వానలోనే నిలబడ్డాయి. అందులో ఒకటి ఎనిమిది నెలల చూడావు.

రైళ్ళు నడిచాక నేను వెళ్ళేసరికి ఆ ఆవు పడిపోయి ఉంది. తల ఎత్తుతుంది, కాళ్ళు లేవవు. 1962కి ఫోన్ చేస్తే పశువుల డాక్టరు వచ్చి నరానికి కాల్షియం ఎక్కించాడంట. "మందు నేను వేశాను, మిగిలింది మీ చేతిలో ఉంది, ఒకే పక్కన పడుకోనివ్వొద్దు" అని చెప్పి వెళ్ళాడంట. పెద్ద ఒళ్ళు ఒకే పక్క మీద పడి ఉంటే కింద కాలి కండ చచ్చిపోతుంది. అప్పుడు రోగం తగ్గినా ఆవు లేవదు.

పెద్దనాయన పెరంబూరు మిల్లులో రింగ్ ఫ్రేమ్ మీద పనిచేసినవాడు. మిల్లులు మూతపడ్డ రోజుల్లో చేతికొచ్చిన డబ్బుతో ఊళ్ళో మొదటి ఆవుని కొన్నాడు. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు ఆ పాలమీదే జరిగాయి. ఆయన గోడకి బొగ్గుతో మూడు గీతలు గీశాడు. ఫస్ట్ షిఫ్టు పెద్దమ్మ, సెకండు షిఫ్టు పక్కింటి కుర్రాడూ నేనూ, నైట్ షిఫ్టు తను. మూడు గంటలకొకసారి అందరం చేరి ఆవుని ఈ పక్క నుంచి ఆ పక్కకి పొర్లించాలి. కింద ఊక, పైన గోనెసంచులు, గోరువెచ్చటి బెల్లం నీళ్ళు. "సైరన్ ఒకటే తక్కువ" అన్నాడు పెద్దనాయన. ఆ మాటకి పెద్దమ్మ నవ్వలేదు.

రెండో రోజు బేరగాడు వచ్చాడు. ఆవు పడిన కబురు వాళ్ళకి ఎలా తెలుస్తుందో! తువ్వాలు కింద పెద్దనాయన వేళ్ళు పట్టుకుని రేటు చెప్పాడు, నిలబడి ఉంటే పలికే దాంట్లో నాలుగో వంతు. మా అన్న చెన్నై నుంచి ఫోన్లో ఇచ్చెయ్యమనే చెప్పాడు. వాడి మాటలో న్యాయం ఉంది, రేపు చచ్చిపోతే ఆ డబ్బు కూడా రాదు. పైగా పూడ్చడానికి జేసీబీ ఖర్చు. పెద్దనాయన వేళ్ళు వదల్లేదు, అవుననీ అనలేదు. పెద్దమ్మ కుడితి బకెట్టు కింద పెట్టి, "పోయి రా నాయనా, ఇది ఇంకా నెమరేస్తా ఉంది" అంది.

అదొక్కటే ఆమె లెక్క. నెమరు ఆగితే ఇచ్చేద్దామనే అనుకుందంట, నాతో తర్వాత చెప్పింది.

మూడో రోజు పొద్దున నలుగురం కడుపు కింద గోనెపట్టాలు దూర్చి ఎత్తాం. వెనక కాళ్ళు వణికాయి, మోకాళ్ళ మీద కూలబడింది, మళ్ళీ ఎత్తాం. నిలబడి, నిలబడగానే మూత్రం పోసింది. పెద్దనాయన గోడ మీద గీతలు తుడవలేదు, ఇంకో వారం షిఫ్టు నడిపాడు.

కనుమ నాటికి ఈనింది. కోడెదూడ. పెయ్యదూడైతే బాగుండునని ఎవరూ పైకి అనలేదు. పాలు పోయినేడు కంటే రెండు లీటర్లు తక్కువ. చిత్తూరు వైపు పల్లెల్లో పశువుల పండగకి మద్దిచెక్క, నేరేడు చెక్క, నల్లేరు, మారేడు కాయ లాంటివి ఉప్పుతో దంచి ఉప్పుచెక్క చేసి గొడ్లకి తినిపిస్తారు. పెద్దమ్మ పుట్టింటి వాడుక అది. ఆ ఏడు ఒంట్లో ఓపిక లేక నల్లేరూ ఉప్పూ మాత్రం దంచింది. మింగకుండా ఉమ్మేస్తాయని పెద్దనాయన నోరు పట్టుకుంటే, ఈమె నాలుక మీద పెట్టింది. వామి అడుగు రాళ్ళు అప్పటికే బయటపడ్డాయి. రెండు రోజుల తర్వాత ఏటి వైపు పొలంలో కోత మిషన్ దిగింది.