నీళ్లు తాగితే సన్నబడతామా?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మేడమ్ గారు ఫోన్ చేశారు. కథలూ కవితలూ నాకు రావు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. కాబట్టి ఆ చదువు వల్ల తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

సెలవులకు తణుకు వచ్చినప్పుడల్లా చెల్లెళ్లు అడిగేది ఒకటే: "అక్కా, పొద్దున్నే లీటరు నీళ్లు తాగితే సన్నబడతారంట, నిజమేనా?" ఎక్కువ నీళ్లు తాగాలన్న మాట మన తెలుగునాట ఇంటింటికీ చేరడానికి ప్రకృతి వైద్యులు మంతెన సత్యనారాయణ రాజు గారి పుస్తకాలు, టీవీ ప్రసంగాలు ఒక ముఖ్య కారణం. రోజుకు నాలుగైదు లీటర్లు తాగమని ఆయన చెబుతారు.

మరి సైన్సు ఏమంటుంది? నీళ్లలో కేలరీలు లేవు. కొవ్వును కరిగించే మందు కూడా లేదు. 2010లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. బరువు ఎక్కువున్న 55 నుంచి 75 ఏళ్ల వాళ్లను తీసుకుని, 12 వారాలపాటు అందరికీ తిండి తగ్గించారు. వారిలో కొందరు భోజనానికి ముందు అరలీటరు నీళ్లు తాగారు. తాగినవాళ్లు మిగతావారికన్నా సుమారు 2 కిలోలు ఎక్కువ తగ్గారు. కడుపు నిండినట్టుండి తక్కువ తినడమే దానికి కారణమని పరిశోధకుల అభిప్రాయం.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కొల్లేటి పక్క పల్లెలో పుట్టింది. ఊడ్పులకు, కోతలకు కూలికెళ్లేది. పని దొరకని రోజుల్లో ఉన్న అన్నం మాకు పెట్టి, తాను చెంబుడు నీళ్లు తాగి పడుకునేది. "నీళ్లతో ఆకలి కాసేపు మోసపోద్ది గానీ, నడుం మోసపోదే" అనేది. శాస్త్రవేత్తలు కొలిచి చెప్పినదాన్ని ఏ బడికీ వెళ్లని మా అమ్మ ఒంటితో తెలుసుకుంది!

అందుకే చెల్లెళ్లూ, రాత్రి అన్నం మానేసి నీళ్లతో పడుకుంటున్నారని వింటే నాకు బాధేస్తుంది. ఆ పరిశోధన పెద్ద వయసువాళ్లది. మీది ఎదిగే వయసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పళ్లెంలోని గుడ్డు, పప్పు, ఆకుకూర వదిలేస్తే పోయేది లావు కాదు, బలం.

నీళ్లు మానమని కాదు. దాహమైనప్పుడల్లా తాగండి, ఎండాకాలం ఇంకా ఎక్కువ తాగండి. ఒకేసారి లీటర్లకు లీటర్లు మాత్రం పట్టించకండి. మనది 1947లో ఆంధ్రా షుగర్స్ పుట్టిన ఊరే అయినా, కూల్‌డ్రింకు బదులు మంచినీళ్లు తాగడం మేలు. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అది మానితే నిజంగానే లాభం. కాలువ నీళ్లయితే కాచి చల్లార్చి తాగండి. కామెర్లు, టైఫాయిడ్ వచ్చినా మనిషి తగ్గుతాడు. అలా తగ్గడం ఎవరికి కావాలి?

మన అమ్మలు నీళ్లతో కడుపు నింపుకున్నది మనం పళ్లెం ముందు కూర్చోవాలని. కడుపునిండా తినండి, బాగా చదవండి. మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు!