సెన్సార్ మార్చే ముందు

యాక్సిలరేటర్ తొక్కగానే కారు జర్కులు కొడితే షెడ్డులో ముందు స్కానర్ పెడతారు. పి0122 అని కోడ్ వస్తే థ్రోటిల్ పొజిషన్ సెన్సార్ పోయిందని తేల్చేస్తారు. స్కానర్ అంత మాట అనలేదు. ఆ సర్క్యూట్‌లో వోల్టేజీ మరీ తక్కువగా ఉందని మాత్రమే చెప్పింది. తప్పు సెన్సార్‌ది కావచ్చు, కప్లర్ పిన్నుకు పట్టిన చిలుముది కావచ్చు, కంప్యూటర్ నుంచి రావాల్సిన 5 వోల్టులే రాకపోవచ్చు. ఏదన్నది మీటర్ పెట్టకుండా తెలియదు. థ్రోటిల్‌ను కేబుల్ లాగే కార్లలో ఈ సెన్సార్‌కు సాధారణంగా మూడు వైర్లుంటాయి: 5 వోల్టులు, ఎర్తు, సిగ్నల్. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి చూస్తే, థ్రోటిల్ మూసి ఉన్నప్పుడు సిగ్నల్ వైర్లో సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగు, నాలుగున్నర వోల్టులు రావాలి. అసలు పరీక్ష ఈ రెండు కొసల మధ్యనే ఉంది. థ్రోటిల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతుంటే వోల్టేజీ ఎక్కడా తడబడకుండా పెరగాలి. సెన్సార్ లోపలి కార్బన్ పూత ఎక్కువగా అరిగేది కొద్దిగా తెరుచుకునే చోటే, ఎందుకంటే ఊళ్లో బండి నడిచేదంతా అక్కడే. పాత రేడియో వాల్యూమ్ నాబ్ గరగరలాడేదీ ఈ అరుగుదల వల్లే. క్షణంపాటు పడిపోయి లేచే వోల్టేజీని డిజిటల్ మీటర్ పట్టుకోలేకపోవచ్చు. ముల్లు ఉన్న పాత మీటరైతే ముల్లు ఉలిక్కిపడటం కంటికి కనిపిస్తుంది.

ఇంత శ్రమ దేనికి, కొత్తది వేస్తే పోలా అనేవాళ్లున్నారు. మెకానిక్‌కు టైమే డబ్బు, కాదనను. కానీ చిలుము పట్టిన పిన్నుకు కొత్త సెన్సార్ తగిలిస్తే అదే కోడ్ మళ్లీ వస్తుంది, పార్టు ఖర్చు మాత్రం ఓనరు మీద పడుతుంది. ఆ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. సెన్సార్ స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉంటే దాన్ని కాస్త తిప్పి ఐడిలింగ్ సరిచేయవచ్చు కదా అన్నది ఇంకో వాదన. ఇది మరీ ప్రమాదం. మూసి ఉన్న థ్రోటిల్ దగ్గర వోల్టేజీ పెంచితే కాలు యాక్సిలరేటర్ మీద ఉందని కంప్యూటర్ నమ్ముతుంది, ఐడిలింగ్‌ను చూసుకోవడం మానేస్తుంది. థ్రోటిల్ బాడీలో పేరుకున్న మసి, పగిలిన వాక్యూమ్ పైపు ఎక్కడివక్కడే ఉంటాయి. ముందు వాటిని చూడాలి. ఆ తర్వాతే రెండు స్క్రూలూ వదులు చేసి, ఆ మోడల్ మాన్యువల్ చెప్పిన వోల్టేజీకి తేవాలి. ఎలక్ట్రానిక్ థ్రోటిల్ ఉన్న కొత్త కార్లలో ఈ సర్దుబాటుకే చోటు లేదు. అక్కడ రీలెర్న్ చేయించాలి, అంటే మూసి ఉన్న థ్రోటిల్ స్థానాన్ని కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి; చాలా మోడళ్లలో అందుకు స్కానర్ కావాలి. పాతవాటిలో స్క్రూలు బిగించాక రీడింగ్ మళ్లీ చూడాలి, ఎందుకంటే బిగించేటప్పుడే సెన్సార్ కాస్త జరగవచ్చు.