సీట్లు తీసేసిన విమానం



బెంగళూరులో పని చేసే మన పిల్లలు అగళిలోని అమ్మానాన్నలకు సెల్‌ఫోన్‌లో ఏదో ఒకటి ఆర్డరు పెడుతుంటారు. ఆ పార్సిళ్లలో కొన్ని విమానమెక్కి వస్తాయి. 2023 జనవరి 23న హైదరాబాదులో అమెజాన్ తన సరుకు విమానాలను మన దేశంలో ప్రారంభించింది. నడిపే బాధ్యతను అప్పుడు బెంగళూరుకు చెందిన క్విక్‌జెట్ సంస్థకు అప్పగించింది. విమానాలు బోయింగ్ 737-800 రకం. ఈ రకాన్ని సరుకు విమానంగా ఫ్యాక్టరీలో కొత్తగా తయారు చెయ్యరు. ఏళ్ల తరబడి మనుషుల్ని మోసిన పాత విమానాన్నే మార్చాలి. ఆ పనిని హైదరాబాదులోనే చేయడానికి జీఎంఆర్ ఏరో టెక్నిక్‌తో బోయింగ్ ఒప్పందం కుదుర్చుకున్నట్టు అదే ఏడాది మార్చిలో ప్రకటించారు.

మార్చడమంటే రంగు వెయ్యడం కాదు. సీట్లు, పైన సంచులు పెట్టుకునే అరలు, వంటగది, మరుగుదొడ్లు అన్నీ పీకేస్తారు. కిటికీలు మూసేస్తారు. ముందు భాగంలో ఎడమవైపు ఒళ్లు కోసి పెద్ద తలుపు పెడతారు. ఊరికే కోస్తే విమానం బలహీనపడుతుంది, అందుకే ఆ రంధ్రం చుట్టూ గట్టి చట్రం బిగిస్తారు. నేలను కూడా బలపరుస్తారు. పైలట్ల వెనుక బలమైన అడ్డుగోడ కడతారు, విమానం ఉన్నట్టుండి కుదుపుతో ఆగితే సరుకు దూసుకొచ్చి వాళ్లమీద పడకుండా. ఇదంతా అయ్యాక 23 టన్నులకు పైగా బరువు మోస్తుంది. నూట అరవై, నూట ఎనభై మంది కూర్చున్న చోటది!

ఇది చదివినప్పుడు మన సంఘంలోని ఒక అవ్వ గుర్తుకొచ్చింది. పేరు రాయను, మీకు తెలుసు. మడకశిర దాకా పల్లెపల్లెకూ నడిచి సువార్త చెప్పిన మనిషి. తుంటి ఎముక విరిగినప్పటి నుండి మంచం దిగి నాలుగడుగులు వెయ్యడమే కష్టం. పోయిన నెల నేను, అమ్మగారు చూడబోతే, "నాతో ఇంగేం పని అయ్యగారూ దేవునికి? తీసుకుపోతే సరిపాయె" అన్నది.

నేను ఆమెకు పౌలును గుర్తుచేశాను. ఊరూరూ తిరిగి, ఓడలెక్కి, ఓడ పగిలి ఈదిన మనిషి చివరికి రోమాలో అద్దె ఇంట్లో రెండేళ్లు కాపలా కింద ఉన్నాడు. తిరగడం ఆగిపోయింది. కానీ వచ్చినవాళ్లందరికీ ఆ ఇంటి తలుపు తెరిచే ఉంది. అంతవరకు ఆయన వెళ్లేవాడు, ఇప్పుడు వాళ్లు వస్తున్నారు. సంకెళ్లలో ఉండగానే పారిపోయిన దాసుడు ఒనేసిము ఆయనకు కొడుకులాంటివాడయ్యాడు.

తరువాత ఈ విమానం సంగతి కూడా చెప్పాను. అవ్వ శ్రద్ధగా విని, "కిటికీలు మూసేస్తే ఎట్ల అయ్యగారూ? బయట ఏమీ కనపడదే" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆమెకు కావలసింది ఆ పల్లెలు, ఆ ముఖాలు. ఆ బాధ నిజమైనదే, దాన్ని వాక్యంతో కప్పెయ్యడం నాకిష్టం లేదు. పోలిక కూడా అంతవరకే. పాత విమానాలన్నీ ఇలా మారవు, కొన్నిటిని విప్పి విడిభాగాలు అమ్ముకుంటారు. దేవుని ఇంట్లో అలా ఎవరినీ పక్కన పడెయ్యరు.

కొంచెంసేపయ్యాక ఆమే, "పిల్లోళ్లు ఎవరైనా కష్టముంటే నాకు ఫోన్ చెయ్యమనండి. పేరు పెట్టి ప్రార్థన చేస్తా. పడుకోనుండేదే కదా" అన్నది. మనం 'ప్రార్థన భారం' అంటామే, ఆ భారం ఆమె మోస్తానంటున్నది.

కాబట్టి బెంగళూరులో, హిందూపురంలో ఉన్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఉద్యోగం పోయినా, ఇంట్లో గొడవైనా, పరీక్ష తప్పినా అవ్వకు చేయండి. నంబరు అమ్మగారి దగ్గర ఉంది. సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకే. ఆ తర్వాత చేస్తే, విన్నదంతా తలుచుకుంటూ ఆమె రాత్రంతా నిద్రపోదు. ఎనిమిది కాగానే ఫోన్ పక్కన పెట్టమని మనవరాలికి చెప్పి వచ్చాను. మీ సంగతి ఆమె దాటి బయటికి రాదు. పని కుదిరాక కూడా ఒకసారి ఫోన్ చేసి చెప్పండి, ఆమె ఎదురుచూస్తుంటుంది.