వేణ్ణీళ్ల మిషనుకి బర్నర్ బిగించిన కథ

పోయిన నెల మా పశువుల సాల ఫొటో పెట్టినప్పుడు మూల నున్న ఎర్ర మిషను ఏటని చాలామంది అడిగారు. ఇద్దరైతే ఎక్కడ దొరుకుతుంది, ఎంతకి దొరుకుతుంది అని కూడా అడిగారు. వాళ్లు కొనేలోపు ఈ పోస్టు రాయాలనుకున్నాను. పెద్దదే. ఓపిగ్గా చదవండి. నేను ఇంటర్ వరకే చదివినోణ్ణి, ఎలక్ట్రీషియన్ని కాదు. నాకు తెలిసింది రాస్తున్నాను, అందులో సగం దెబ్బ తిన్నాక తెలిసిందే.

మాది భీమిలి పక్కన. ఎకరంన్నర భూమి, ఆరు గేదెలు. పోయిన ఏడు వేసవిలో నెలలో మూడుసార్లు పాలు వెనక్కి వచ్చాయి, పులిసిపోయాయని. నలభై లీటర్ల పాలు వెనక్కి తెచ్చుకుని ఇంటి ముందు దించుకుంటే ఎలాగుంటదో పాడి ఉన్నోళ్లకి చెప్పక్కర్లేదు. మా ఆవిడ తోడేసి పెరుగు చేసి ఊరంతా పంచింది. తప్పు పాలది కాదు, క్యానుది. చల్లనీళ్లతో ఎంత తోమినా అంచుల్లో, మూత మడతలో సన్నగా పాలగార పడుతుంది. అందులో పురుగు బతికే ఉంటుంది. వేణ్ణీళ్లు కావాలి, అవీ రోజూ కావాలి. కట్టెల పొయ్యి మీద రెండు పూటలా కాచి పోయడం మా ఆవిడ వల్ల అయ్యే పని కాదు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

కరెంటు గీజరు పెట్టొచ్చు కదా అని మీరనొచ్చు. లెక్క వేసి చూశాను. నిమిషానికి పది లీటర్లు కొట్టే ప్రెషర్ మిషనుకి 28 డిగ్రీల నీళ్లని 70కి తేవాలంటే దగ్గర దగ్గర 30 కిలోవాట్లు కావాలి. మన ఇంటి మీటరు ఏ మూలకి? అదే లీటరు డీజిల్లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. గంటకి మూడు లీటర్ల పైన కాలిస్తే సరిపోతుంది. మేం వాడేది రోజుకి పావుగంట, ముప్పావు లీటరు చాలు. అందుకే వేణ్ణీళ్ల ప్రెషర్ మిషన్లు ఎక్కువగా నూనె బర్నర్ తోనే చేస్తారు. యూరప్‌లో మొదటిది 1950లో జర్మనీలో కార్చర్ వాళ్లు చేశారు. ఇప్పటికీ లోపల చుట్టలా తిరిగిన గొట్టం, కింద మంట, అదే పద్ధతి.

కొత్తది కొనే స్తోమత లేదు. గాజువాక ఆటోనగర్‌లో ఒక పాతది దొరికింది, ఎవరో కార్లు కడిగే షాపు ఎత్తేసి అమ్మేసింది. బర్నర్ ఊడదీసి విడిగా గోనెసంచిలో కట్టి ఇచ్చారు. 38 వేలు. అందులోనే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. తక్కువకి వచ్చిందన్న సంతోషంలో కళ్లు మూసుకుపోతాయి.

బిగించింది నేనూ, మా మేనల్లుడూ. వాడు ఐటీఐ ఫిట్టరు. చురుకైనోడు. ఆ చురుకుతనమే కొంప ముంచబోయింది. మేం చేసిన తప్పులు వరసగా రాస్తే సిగ్గుగా ఉంటుంది గాని రాస్తాను. మిషను సాల లోపలే పెట్టాం, పక్కన గడ్డిమేటు. పొగగొట్టం పైకి లేపలేదు, కిటికీ వైపు తిప్పి వదిలేశాం. గడ్డి కోసే మిషనుకి వాడే పాత ప్లగ్గులోనే దీన్నీ పెట్టాం. మూడో పిన్ను ఉంది గాని దాని వెనకాల ఎర్త్ వైరు లేదు, ఉత్తి బొక్కే. ఇంక నీళ్లు పారుతున్నాయా లేదా అని చూసే చిన్న స్విచ్చు ఒకటి ఉంటుంది, ఫ్లో స్విచ్ అంటారు. అది పని చెయ్యడం లేదు. మావాడు రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేశాడు. "ఇదేటి అవసరం మావయ్యా, నీళ్లు వస్తన్నాయో నేదో మన కంటికి కనపడదేటి" అన్నాడు. నేనూ నిజమే కదా అనుకున్నాను.

వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. క్యాన్లు అద్దంలా మెరిశాయి. ఆ వారంలో ఒక్కటే తేడా కనిపించింది. మా పెద్ద గేదె, పాలు తీసేటప్పుడు కదలకుండా నిలబడేది, మిషను నడుస్తుంటే నీళ్ల తొట్టి దగ్గరకి రావడం మానేసింది. మూతి పెట్టి ఠక్కున వెనక్కి తీసుకునేది. చప్పుడుకి బెదురుతోంది అనుకున్నాం. పాలు కూడా సరిగ్గా చేపడం లేదు. మా ఆవిడ మాత్రం "తొట్టి ముట్టుకుంటే నాకూ జిల్లుమంటోంది" అంది. తడి చేతులు కదా, నీ మోకాళ్ల నొప్పులకి నరాలు లాగుతున్నాయేమో అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆవిడ రోజూ తెల్లారి నాలుగ్గంటలకి ఆ తడి నేల మీద ఉత్తి కాళ్లతో నిలబడేది.

ఎనిమిదో రోజు పొద్దున్న బర్నర్ అంటుకోలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, కాసేపటికి ఆగిపోతోంది, ఎర్ర లైటు వెలుగుతోంది. మావాడు రీసెట్ బటన్ నొక్కాడు. మళ్లీ ఆగింది. మళ్లీ నొక్కాడు. అలా ఆరుసార్లు. ఆరోసారి అంటుకుంది. అంటుకోవడం అంటే అలా ఇలా కాదు, దీపావళి బాంబు డబ్బాలో పెట్టి పేల్చినట్టు. పైన రేకు మూత ఎగిరి కప్పుకి తగిలింది. కిటికీ వైపు మంట నాలుకలా బయటికొచ్చింది. మావాడు వైరు చూద్దామని అప్పుడే పక్కకి వంగాడు కాబట్టి కనుబొమ్మలు, ముందు జుట్టు మాత్రమే కాలాయి. గడ్డి అంటుకుంది. గేదెల పలుపులు కోసి బయటికి తోలేసి, బురదనీళ్లు పోసి ఆర్పాం. మా చెల్లెలికి ఫోన్ చెయ్యడానికి నాకు గంట పట్టింది, చేతులు వణికి.

చిట్టివలస జూట్ మిల్లులో ఎలక్ట్రికల్ సెక్షన్లో చేసి, మిల్లు మూతపడ్డాక ఇంటి దగ్గరే ఉంటున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. వచ్చి ఏదీ ముట్టుకోలేదు. స్టూలు వేసుకుని కూర్చుని ముందు మమ్మల్ని ప్రశ్నలు అడిగారు. ఎన్నిసార్లు నొక్కారు? ఆరుసార్లా? "ఆ ఎర్రలైటు నిన్ను ఆపమని సెప్తంది బావు. మరోపాలి నొక్కమని కాదు."

అప్పుడాయన చెప్పింది ఇది. బర్నర్ పెట్టగానే ముందు ఫ్యాన్ తిరిగి పది పదిహేను సెకండ్లు లోపలి గాలిని ఊది బయటికి పంపుతుంది. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ వేల వోల్టుల నిప్పురవ్వ ఇస్తుంది, సోలినాయిడ్ తెరుచుకుని నాజిల్ నుంచి డీజిలు పొగమంచులా చిమ్ముతుంది. మంట వచ్చిందా లేదా అని ఒక చిన్న కన్ను చూస్తుంది, ఫొటోసెల్. కొద్ది సెకండ్లలో దానికి వెలుగు కనపడకపోతే కంట్రోల్ బాక్సు డీజిలు ఆపేసి ఎర్రలైటు వేస్తుంది. మా దాంట్లో ఎలక్ట్రోడ్ పింగాణీ సన్నగా బీటలిచ్చింది. నిప్పురవ్వ నాజిల్ ముందు పడకుండా పక్కన బాడీకి పడుతోంది. అంటే డీజిలు వస్తోంది, నిప్పు రావడం లేదు. నొక్కిన ప్రతిసారీ రెండు చెంచాల డీజిలు లోపలికి పోయింది. ఆరుసార్లకి టీగ్లాసుకి సగం. అదంతా కాలకుండా లోపలే పోగుపడింది. ఆరోసారి నిప్పురవ్వ సరిగ్గా పడింది.

1997 సెప్టెంబరులో విశాఖ రిఫైనరీలో జరిగింది మన వయసు వాళ్లందరికీ గుర్తే. అక్కడా ముందు గ్యాసు లీకై పరుచుకుంది, నిప్పు తర్వాత దొరికింది. ఎక్కడైనా భయపడాల్సింది మంటకి కాదు, కాలకుండా పోగుపడినదానికి. ఒకసారి రీసెట్ నొక్కొచ్చు. రెండోసారి కూడా ఆగిపోతే మెయిన్ కట్టేసి, మూత విప్పి లోపల డీజిలు ఉందేమో చూడాలి. ఉంటే గుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టి, కారణం దొరికాకే మళ్లీ పెట్టాలి. కొందరు ఆ ఫొటోసెల్‌నే తీసేసి టార్చి లైటు చూపిస్తారంట. వాళ్లకి దండం.

తర్వాత పెద్దాయన టెస్టరు తీసి నీళ్ల తొట్టి అంచుకి పెట్టారు. వెలిగింది. ఆయన నావైపు చూడలేదు, మా ఆవిడ వైపు చూశారు. "అమ్మా, నువ్వు సెప్పినావా ఈళ్లకి?" అన్నారు. ఆవిడ ఊరుకుంది. నేను తల వంచుకున్నాను.

గేదెకి నాలుగు కాళ్లూ తడి నేల మీదే, మూతి నీళ్లలో. మనకి తెలియని చిన్న కరెంటు కూడా దానికి తెలుస్తుంది. అది బెదరలేదు, చెప్పింది. మోటారు వైండింగులో తడి చేరి బాడీకి కరెంటు దిగుతోంది, ఎర్త్ లేక అది గొట్టాల ద్వారా తొట్టికి వచ్చింది. ఫ్యూజు ఎందుకు పోలేదంటే, 16 ఆంపుల ఫ్యూజుకి ఇది లెక్కలోది కాదు. మనిషి ప్రాణం తీయడానికి ఆంపులో ఇరవయ్యో వంతు కూడా ఎక్కువే. అందుకే ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపులది. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే రెప్పపాటులో కట్టేస్తుంది. కంపెనీని బట్టి రెండు మూడు వేలు. నేను పశువుల ఇన్సూరెన్సుకి అంతకంటే ఎక్కువే కట్టాను.

ఇక మళ్లీ కట్టిన పద్ధతి. మోటారు ముందు రీవైండింగుకి వెళ్లింది. మిషను సాల నుంచి బయటికి తీసి, పదడుగుల దూరంలో మూడు వైపులా తెరిచిన రేకుల పందిరి వేసి, సిమెంటు దిమ్మ మీద పెట్టాం. పొగగొట్టం ఆరంగుళాల రేకుది, కప్పు దాటి గజం పైకి, మీద టోపీ. మన సముద్రపు గాలి సాయంత్రం ఎలా కొడుతుందో తెలుసు కదా, టోపీ లేకపోతే పొగ వెనక్కి దిగుతుంది. మూసిన గదిలో ఇది నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్ర వచ్చినట్టుండి మనిషి పోతాడు.

మీటరు నుంచి విడిగా 4 స్క్వేర్ రాగి కేబులు లాగాం, నలభై మీటర్లు. పంపు 3 హెచ్‌పీ, నడుస్తుంటే 14 ఆంపులు దాకా తాగుతుంది. పాత సన్నం వైరు మీద పంపు ఎత్తగానే వోల్టేజి పడిపోయి బర్నర్ మోటారు నెమ్మదిస్తుంది, నూనె ప్రెషరు తగ్గి మంట నల్లబడుతుంది. 20 ఆంపుల ఎంసీబీ, దాంతో ఆర్‌సీసీబీ. ఎర్త్ గొయ్యి కొత్తగా తవ్వాం. మాది ఎర్రమట్టి దిబ్బల తరహా ఇసుక నేల, ఎండాకాలం ఎండి పేలాల్లా ఉంటుంది, కరెంటుని లాక్కోదు. అందుకని ఎనిమిదడుగుల జీఐ పైపు, బొగ్గు, ఉప్పు, పైన గరాటు. వేసవిలో రోజూ బిందెడు నీళ్లు పోస్తాను. మిషను బాడీ, బర్నర్, డీజిలు ట్యాంకు, నీళ్ల తొట్టి ఇనుప అంచు, అన్నీ ఆ ఎర్త్‌కి కలిపాం.

బర్నర్ వైరింగులో పెద్దాయన చాలాసేపు కూర్చున్నది ఒక్కచోట. థర్మోస్టాటు, దాని పైన హై లిమిట్, ఫ్లో స్విచ్, మూడూ ఫేజు వైరులోనే పూసల దండలా ఒకదాని వెనక ఒకటి రావాలి. ఏ ఒక్కటి తెగినా డీజిలు ఆగాలి. న్యూట్రల్‌లో పెడితే మంట ఆగినా లోపల ఫేజు అలాగే ఉంటుంది, ఆగింది కదా అని చెయ్యి పెట్టినోడి సంగతి అంతే. కొత్త ఫ్లో స్విచ్ వేశాం. నీళ్లు కంటికి కనపడవా అన్న మా అల్లుడికి ఆయనే చెప్పారు: గన్ను వదిలేస్తే నీళ్లు గొట్టంలో నిలబడిపోతాయి, మంట మాత్రం కాలుస్తూనే ఉంటుంది, నిలబడ్డ నీరు ఆవిరవుతుంది, బయట చివరన ఉన్న థర్మోస్టాటుకి ఆ వేడి తెలిసేలోపు గొట్టం పగులుతుంది. సేఫ్టీ వాల్వు నోరు కూడా మనిషి నిలబడే వైపు కాకుండా నేలకి తిప్పాం. వైర్లు పెట్టెలోకి వెళ్లేముందు కిందకి వంగి పైకెక్కాలి, అప్పుడు నీటిచుక్క వంపులోనే రాలిపోతుంది. ఇంత చిన్న విషయం నాకు యాభై నాలుగేళ్లు వచ్చినా తెలీదు.

డీజిలు వైపు పని భీమిలి రేవులో బోటు ఇంజన్లు చేసే కుర్రాడు చేశాడు. నీళ్లు వేరుచేసే గిన్నె ఫిల్టరు పెట్టి, రాగి గొట్టం వేశాడు. జాయింట్లకి టెఫ్లాన్ టేపు వద్దన్నాడు, దాని పీచు వెళ్లి నాజిల్లో కూర్చుంటుంది. ఒక ముఖ్యమైన సంగతి: నూనె పంపులో బైపాస్ స్క్రూ అని చిన్నది ఉంటుంది. వెళ్లేదొకటి, తిరిగొచ్చేదొకటి, రెండు గొట్టాలు వేస్తే అది ఉండాలి. ఒక్క గొట్టమే వేస్తే అది తీసి, రిటర్ను బొక్క మూయాలి. అది ఉంచి రిటర్ను మూసేస్తే పంపు సీలు పగిలి డీజిలు ఫ్యాన్‌లోకి కారుతుంది. మాదానికి మొదట అలాగే ఉంది. వారం రోజులు ఎలా ఆగిందో ఆ సీలుకే తెలియాలి. ఖర్చు తగ్గుతుందని పెట్రోలు కలపడం, కాలిన ఇంజనాయిలు పొయ్యడం అడక్కండి. మొదటిది ప్రాణానికి, రెండోది నాజిల్‌కి.

మొత్తం అదనంగా 31 వేలు అయ్యింది. 38 వేల మిషనుకి. ఆ లెక్క చూసి మా అబ్బాయి నవ్వాడు.

ఇప్పుడు వాడే తీరు: క్యాను ముందు మామూలు నీళ్లతో, నేరుగా వేణ్ణీళ్లు కొడితే పాలు కాలి గారకడుతుంది. తర్వాత సోడా, తర్వాత 70 డిగ్రీలు. అయ్యాక ముందు బర్నర్ కట్టి, గొట్టం చల్లబడేదాకా రెండు నిమిషాలు నీళ్లు వదులుతాం. పొగ నల్లగా ఉంటే గాలి చాలట్లేదు, తెల్లగా ఉంటే డీజిలు కాలకుండా పోతోంది. ఉప్పుగాలికి ఎలక్ట్రోడ్లు, టెర్మినళ్లు తుప్పెక్కుతాయి, రెండు నెలలకోసారి మెయిన్ తీసి తుడుస్తాను. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ ప్రతి ఒకటో తారీఖునా మా ఆవిడే నొక్కుతుంది. నన్ను నొక్కనివ్వదు.

పాలు మళ్లీ వెనక్కి రాలేదు. మా అల్లుడికి కనుబొమ్మలు వచ్చాయి, ఎడమది కొంచెం పలచగా. పెద్దాయన డబ్బులు తీసుకోలేదు, జున్ను అడిగారు. పెద్ద గేదె ఈనేదాకా ఆగమన్నాను. కొత్త ఎర్త్ కట్టిన సాయంత్రం మిషను ఆన్ చేసి అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. కాసేపు చెవులు ఆడించింది. తర్వాత నెమ్మదిగా వచ్చి తొట్టిలో మూతి పెట్టి, తియ్యకుండా తాగింది.