పత్తి మందుతో కుక్కకు స్నానం

కోనరావుపేటలో వైద్యం చేసిన రోజుల్లో, ఒక వానాకాలపు సాయంత్రం పన్నెండేళ్ల బాలుణ్ణి మోసుకొచ్చారు. నోటినుండి చొంగ, ఒళ్లంతా చెమట, గుండుసూది మొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు. పత్తి పండే ఊళ్లలో పనిచేసిన వైద్యుడికి ఆ కళ్లు కొత్త కావు. "మందు తాగిండా?" అని అడిగాను.

"లేదు సారూ. కుక్కకు గోమార్లు శానా పట్టినయని పత్తి మందు నీళ్లల్ల కలిపి కడిగిండు" అన్నాడు తండ్రి.

బట్టలు తీయించి, ఒళ్లు సబ్బుతో కడిగించి, అట్రోపిన్ సూదులు వేస్తూ రాత్రంతా కూర్చున్నాను. తెల్లవారి కళ్లు తెరిచిన బాలుడు మొదట అడిగింది కుక్కనే. అది రాత్రే చనిపోయింది. ఆ మాట చెప్పే పని తండ్రి నాకే వదిలేశాడు.

మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ వంటి మందులు తాగితేనే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. కుక్క తన ఒళ్లు తానే నాకుతుంది కనుక దానికి రెండింతల ముప్పు. పశువుల మందులూ కుక్కకు అందాజుగా వాడేవి కావు. గొర్రెలకిచ్చే ఐవర్‌మెక్టిన్ మోతాదు మించితే, ముఖ్యంగా కోలీ జాతి కుక్కలకు, ప్రాణాంతకం. కుక్కల మెడపై వేసే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషమే. దాని కాలేయం ఆ మందును విరిచివేయలేదు. వణుకు, మూర్ఛలు వస్తాయి.

నిజానికి గోమార్ల కాపురం కుక్క మీదకంటే ఇంట్లోనే ఎక్కువ. రక్తం తాగిన ఆడ గోమారి కిందికి దిగి, గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పగుళ్లు పూడ్చకుండా, కుక్క పడుకునే గోనెసంచిని వేడినీళ్లలో ఉడికించకుండా ఎంత మందు పూసినా వృథా. అంటుకున్న గోమారిని చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నిదానంగా లాగాలి. వేళ్లతో నలపకూడదు, కిరోసిన్ పోయకూడదు. గోమార్లు పట్టిన కుక్క జ్వరంతో తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కునుండి రక్తం కారినా ఎర్లీషియా, బబీసియా వంటి వ్యాధులను అనుమానించాలి.

గుండెపురుగును మోసేది దోమ. మన దేశంలో అది ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ. నివారణకు నెలనెలా ఇచ్చే మందు ఉంది. దాన్ని రక్తపరీక్ష చేయించాకే, కుక్క బరువు తూచి పశువైద్యుడు చెప్పిన మోతాదులో మొదలుపెట్టాలి.

ఎవరి ఒంటిమీదైనా పురుగుమందు పడితే 108కు ఫోన్ చేసి, వెంటనే కడగండి. మందు డబ్బాను తప్పక వెంట తెండి. ఆ రాత్రి "పత్తి మందు" అన్న రెండు మాటలే నాకు దొరికిన ఆధారం.