పాల్వంచ బూడిద, సముద్రపు గాలి

కొత్తగూడెం నుండి భద్రాచలం వెళ్ళుచు పాల్వంచలో మేము తలెత్తి చూశాము. ఆకాశాన్ని అంటిన 8 పాత కూలింగ్ టవర్లు ఇప్పుడు లేవు. 2024 ఆగస్టు 5న వాటిని కూల్చివేశారు.

అయితే బొగ్గు మండుట ఆగలేదు. మణుగూరు వైపు 1,080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రం 2022లో పూర్తయినది. మన ఇండ్లలో దీపాలకు, ఎన్నో కుటుంబాల అన్నానికి ఈ బొగ్గే ఆధారం. కాని బొగ్గు కోసం నేలను తవ్వాలి. కాల్చితే పొగ, బూడిద తప్పవు.

గాలికి బూడిద లేదు. సముద్రం మీద చెట్టూ గుట్టా అడ్డు లేనందున గాలి బలంగా, నిలకడగా వీచును. డెన్మార్కు వారు 1991లో విండెబీ వద్ద సముద్రంలో 11 గాలిమరలు నిలిపారు. అవి పాతికేళ్ళు తిరిగాయి. గుజరాత్, తమిళనాడు తీరాలలో 500 మెగావాట్ల చొప్పున నిర్మించుటకు 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ఖర్చు ఎక్కువే. జాలరుల వేటకు నష్టం రాకుండా చూడాలి. గాలి తగ్గిన పూట వేరే కరెంటు తోడుండాలి.

సముద్రమెక్కడ, మన అడవి ఎక్కడ అనకండి. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ దేశమంతటి గ్రిడ్‌తో కలిసింది. అక్కడి కరెంటు ఇక్కడికి రాగలదు. ప్రియ చదువరులారా, బొగ్గు పనివారి ఇండ్లకు వేరే బ్రతుకుతెరువు చూపుచు ఈ మార్పు రావాలని కోరుదము.